కంటికి కనబడని దాని జాడ

తెల్లారి వాకిలి ఊడుస్తుంటే దుమ్ములో వంకర గీత కనిపిస్తుంది. "రాత్రి పాము పోయింది" అంటాం. పామును చూడలేదు. జాడను చూశాం.

దేవరకొండ అవతల, నాగార్జునసాగర్ నీళ్ళకు దగ్గరలో, లంబాపూర్, పెద్దగట్టు ఊళ్ళున్నాయి. అక్కడి రాళ్ళలో యురేనియం ఉంది. దానిలోంచి ఎంతో చిన్న కణాలు బయటికి వస్తుంటాయి. అవి కంటికి కనబడవు. వాసన రావు. మరి ఎట్లా తెలుస్తుంది?

గీగర్ కౌంటర్ అనే యంత్రం ఉంది. అందులో ఒక గొట్టం, గొట్టంలో ఒక రకం వాయువు, నడుమ కరెంటు తీగ ఉంటాయి. కణం వాయువును తాకుతూ పోతుంది. అప్పుడు తీగలో కొంచెం కరెంటు పారి "టిక్" మంటుంది. టిక్కులు పెరిగితే కణాలు ఎక్కువున్నట్టు.

ఒక్క గొట్టంతో కణం ఏ దారిన పోయిందో తెలియదు. అందుకు వరుస వరుసలుగా యంత్రాలు కావాలి. జెనీవా దగ్గర భూమి కింద 27 కిలోమీటర్ల గుండ్రని సొరంగం ఉంది. అందులో శాస్త్రవేత్తలు కణాలను ఢీకొట్టిస్తారు. ఒక్కో వరుసలో తాకిన చోట ఒక చుక్క పడుతుంది. ముగ్గు చుక్కలు కలిపినట్టు కలిపితే దారి తేలుతుంది. పెద్ద అయస్కాంతం విద్యుత్తు ఉన్న కణాల దారిని వంచుతుంది. ఎటు వంగింది, ఎంత వంగింది అన్నదాన్ని బట్టి కణాన్ని గుర్తుపడతారు.

2003 ఆగస్టులో లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గని గురించి ప్రజల అభిప్రాయం అడిగారు. చాలామంది వద్దన్నారు. నీళ్ళ గురించి భయపడ్డారు.

నీళ్ళు తేటగా ఉంటే చాలదు అక్కా! పరీక్షలో ఏం తేలిందో అడగండి. కాగితం మీద రాసి ఇమ్మనండి. ఇప్పుడు మీరే చదువుకోగలరు.