పాత డైనింగ్ టేబుల్‌కి కొత్త మెరుగు... అరకులోనే ఓ ఉపాధి

*నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసే నెలల్లో ఇంటి వసారాలోనే నేర్చుకోదగ్గ పని ఇది. పెట్టుబడి తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి.*

అరకు, పాడేరు, చింతపల్లి వైపు డిగ్రీ పూర్తిచేసిన చాలామందికి మొదట గుర్తొచ్చేది టీచర్ ఉద్యోగమే. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే దక్కేలా 2000 జనవరిలో జీవో నంబర్ 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దాంతో పాత భరోసా పోయింది. అలాగని డీఎస్సీ చదువు మానేయమని ఎవరూ చెప్పరు. కానీ ఒక నోటిఫికేషన్‌కీ ఇంకోదానికీ మధ్య గడిచే కాలం సంగతేంటి? విశాఖలో గది అద్దె కట్టుకుంటూ చిన్నాచితకా ఉద్యోగం చేయడం ఒక దారి. ఊళ్లోనే ఉండి, చదువుకుంటూ, చేతిపని ఒకటి పట్టుకోవడం ఇంకో దారి.

అలాంటి పనుల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోనిది పాత డైనింగ్ టేబుళ్లు, కుర్చీలను బాగుచేసి, పాలిష్ పట్టి మళ్లీ అమ్మడం. కొత్త ఫర్నిచర్ తయారీకి యంత్రాలు, షెడ్డు కావాలి. దీనికి అవేవీ లేకుండా ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు.

అరకులో గిరాకీ ఎక్కడుంది?

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అరకు, వంజంగి, లంబసింగి పర్యాటకులతో నిండిపోతాయి. రైలుకు 2017లో అద్దాల బోగీ తగిలించాక ఆ ప్రయాణం కోసమే వచ్చేవాళ్లూ ఉన్నారు. వీళ్లంతా ఎక్కడో ఒకచోట కూర్చుని తినాలి. చాలా హోటళ్లు, కాఫీ షాపులు, హోమ్‌స్టేల్లో కనిపించేవి ప్లాస్టిక్ కుర్చీలే. మంచి కర్ర బల్ల వేద్దామనుకునే యజమానికి కొత్త టేకు సెట్టు ధర వింటేనే గుండె ఆగినంత పనవుతుంది.

2024 అక్టోబరు 2న ప్రారంభమైన ‘ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ్ ఉత్కర్ష్ అభియాన్’లో గిరిజన హోమ్‌స్టేలకు కూడా చోటుంది. ఇంటికి కొత్త గదులు కట్టుకోవడానికి రూ.5 లక్షల వరకు, ఉన్న గదులు బాగుచేసుకోవడానికి రూ.3 లక్షల వరకు సాయం ఇస్తారు. అలా తయారయ్యే ప్రతి ఇంట్లోనూ అతిథులకు భోజనం పెట్టే బల్ల ఉండాల్సిందే.

మరి పాత సామాను ఎక్కడ దొరుకుతుంది? సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని విశాఖలో. నేవీ, పోర్టు, స్టీల్ ప్లాంట్, బ్యాంకుల ఉద్యోగులకు బదిలీలు మామూలే. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆరు కుర్చీల సెట్టును లారీలో వేసుకెళ్లడం కన్నా ఉన్నచోటే అమ్మేయడం వాళ్లకు నయం. సెకండ్‌హ్యాండ్ ఫర్నిచర్ దుకాణాలు, ఓఎల్ఎక్స్, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులు గమనిస్తూ ఉంటే బేరాలు తగులుతాయి.

కొనేముందు బల్ల కిందకు దూరండి

పైన మెరుపు చూసి ధర చెప్పేయొద్దు. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

- బల్ల అడుగు భాగానికి సాధారణంగా పాలిష్ ఉండదు. అసలు కర్ర ఏమిటో అక్కడే తెలుస్తుంది. పైనున్న చారలు అంచు మీదుగా కిందికి కొనసాగితే అది నిండు కర్ర. అంచు దగ్గర సన్నని పొర కనిపిస్తే ప్లైవుడ్ మీద అతికించిన వెనీర్. దాన్ని గట్టిగా రుద్దితే పొర లేచిపోయి అడుగు చెక్క బయటపడుతుంది.
- ‘మలేషియన్ వుడ్’ పేరుతో అమ్మినవి ఎక్కువగా రబ్బర్‌వుడ్. బాగుచేయొచ్చు కానీ తేమ తగిలితే త్వరగా పాడవుతుంది.
- ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు ఒకసారి నీళ్లు తాగి ఉబ్బితే మళ్లీ మామూలవదు. వదిలేయండి.
- కాళ్ల దగ్గర చిన్న చిన్న రంధ్రాలు, తట్టగానే మెత్తటి పొడి రాలడం పుచ్చు గుర్తు. అలాంటిది ఇంట్లోకి తెస్తే మిగతా కర్ర సామానుకీ పట్టుకుంటుంది.
- కుర్చీలో కూర్చుని అటూ ఇటూ ఊగి చూడండి. అతుకు వదులైతే పర్లేదు, అతికించొచ్చు. కాలు చీలితే మాత్రం బేరం తగ్గించండి, లేదా మానేయండి.
- టేపు తీసి కొలవండి. బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు, కుర్చీ సీటు ఎత్తు 45 సెంటీమీటర్ల దగ్గర ఉంటే కూర్చుని తినడానికి సుఖం. ఒక్కో మనిషికి 60 సెంటీమీటర్ల జాగా లెక్క వేసుకోండి.

బిల్లు గానీ, అమ్మినవారి చేతిరాత రసీదు గానీ తీసుకోండి. టేకు లాంటి కర్రతో ఘాట్ రోడ్డు మీద వెళ్తున్నప్పుడు ఎక్కడ కొన్నారని ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది. విరిగిన కర్ర ముక్క మార్చాల్సి వస్తే ఇంకో పాత సామాను నుంచి తీసి వాడండి. అనుమతి లేకుండా అడవిలో చెట్టు కొట్టడం నేరం.

పని ఇలా సాగుతుంది

ముందు కొద్దిగా సబ్బునీళ్లతో తుడిచి బాగా ఆరనివ్వాలి. ఏళ్ల తరబడి పేరుకున్న నూనె జిడ్డు పోకపోతే ఏ పాలిష్ పట్టదు.

తర్వాత అతుకులు. కుర్చీ ఊగుతోందని పైనుంచి ఫెవికాల్ పోస్తే నెల రోజులకే మళ్లీ ఊగుతుంది. పాత జిగురు మీద కొత్త జిగురు పట్టదు కాబట్టి అతుకు ఊడదీసి, ఉలితో పాత జిగురు గీకేసి, కొత్తది రాయాలి. క్లాంపులు లేకపోతే తాడు చుట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలి తిప్పి బిగించండి. 24 గంటలు కదపొద్దు.

ఆపైన పాత పాలిష్ ఏమిటో తేల్చుకోవాలి. కనపడని చోట స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్దండి. జిగటగా కరిగితే అది లక్కతో చేసిన ఫ్రెంచ్ పాలిష్. స్పిరిట్‌కి కరగక థిన్నర్‌కి కరిగితే లాకర్. రెండింటికీ లొంగకపోతే మెలమైన్ గానీ పీయూ గానీ అయ్యుంటుంది. మొదటిదైతే స్పిరిట్‌తో తుడిచి, అదే రకం పాలిష్ మళ్లీ పట్టిస్తే చాలు. చివరిదైతే మొత్తం రుద్ది తీయాల్సిందే.

ఎమరీ పేపర్ 80 నంబరుతో మొదలుపెట్టి 120, 180, 220 వరుసలో వెళ్లాలి. ఎప్పుడూ కర్ర చారల వెంబడే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గీతలు అప్పటికి కనపడవు. పాలిష్ పడగానే తేలి కనిపిస్తాయి. త్వరగా అయిపోవాలని మధ్య నంబర్లు ఎగ్గొట్టినా అంతే.

లక్కా? పీయూనా?

ఏజెన్సీ పిల్లలకు లక్క కొత్త కాదు. మోదుగ, రేగు లాంటి చెట్ల మీద బతికే చిన్న పురుగు ఇచ్చే బంక అది. దాన్ని శుద్ధిచేసి రేకులుగా మారిస్తే పాలిష్ దుకాణాల్లో అమ్మే షెలాక్. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు ఆ మెరుపు లక్కతోనే వస్తుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. లక్క రంగుల్లో కృషి చేసిన సి.వి.రాజు 2023లో పద్మశ్రీకి ఎంపికయ్యారు. కర్ర, లక్క కలిస్తే ఏమవుతుందో కళ్లారా చూడాలంటే ఒకరోజు ఏటికొప్పాక వెళ్లి రండి.

లీటరు స్పిరిట్‌లో 200 నుంచి 250 గ్రాముల లక్క రేకులు వేసి రాత్రంతా నానబెడితే ఫ్రెంచ్ పాలిష్ సిద్ధం. మెత్తటి గుడ్డలో దూది చుట్టి పలచగా పూతల మీద పూతలు వేయాలి. త్వరగా ఆరుతుంది. తేడా వస్తే స్పిరిట్‌తో తుడిచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి పూత లేదు. కలిపింది నెలల తరబడి నిల్వ ఉంచితే మాత్రం సరిగా ఆరదు. కావాల్సినంతే కలుపుకోండి.

అయితే డైనింగ్ టేబుల్ పైభాగానికి ఇది పనికిరాదు. పొయ్యి మీంచి దించిన సాంబారు గిన్నె పెడితే లక్క మెత్తబడి తెల్లటి గుండ్రం పడుతుంది. నీళ్ల గ్లాసుదీ అదే కథ. అందుకని కుర్చీలకు, బల్ల కాళ్లకు లక్క, పైపలకకు రెండు డబ్బాలు కలిపి వాడే పీయూ వేయడం మంచి పద్ధతి. హోటల్ బల్లలైతే రోజంతా తడిగుడ్డతో తుడుస్తూనే ఉంటారు కాబట్టి పైపలక విషయంలో రాజీ పడొద్దు.

వర్షం లెక్క చూసుకోండి

అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. వర్షాలు, మంచు మనకు అందమే కానీ పాలిష్‌కి శత్రువులు. గాల్లో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు వేసిన లక్క పాలపొరలా తెల్లబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇదే ఇబ్బంది. చలికాలంలో పొద్దున మంచు విడిచేదాకా డబ్బా మూత తీయకపోవడమే మేలు.

గిరాకీ మొదలయ్యేదేమో అక్టోబరులో. అంటే సెప్టెంబరులో ఆర్డరు తీసుకుని ‘వారంలో ఇచ్చేస్తా’ అంటే ఇరుక్కుపోతారు. ఫిబ్రవరి చివరి నుంచి మే దాకా కొని, పాలిష్ పూర్తిచేసి, సీజన్‌కి సిద్ధంగా ఉంచుకోవాలి. వానాకాలంలో అతుకులు, కుర్చీ సీట్లకు కొత్త స్పాంజి, బట్ట వేయడం లాంటివి పెట్టుకోండి. అంటే కొన్ని నెలలపాటు డబ్బు సరుకు రూపంలో ఇరుక్కుని ఉంటుంది. అప్పు తీసుకునేటప్పుడు ఈ విషయం మర్చిపోవద్దు.

ఊపిరి జాగ్రత్త

కర్ర పొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ కారకాల జాబితాలో మొదటి గ్రూపులో చేర్చింది. రుద్దేటప్పుడు ఎన్‌95 మాస్కు తప్పనిసరి. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు. పీయూ గట్టిపడటానికి కలిపే ద్రవం ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. దానికి కార్బన్ ఫిల్టరున్న మాస్కు పెట్టుకుని, గాలి ఆడేచోటే పనిచేయాలి.

రంగు వేసిన పాత సామానుతో ఇంకో ప్రమాదం ఉంది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదనే నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఎక్కువగా ఉండొచ్చు. దాన్ని పొడిగా రుద్దొద్దు, తడిపి రుద్దండి. ఆ చోటికి చిన్నపిల్లల్ని రానీయొద్దు. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండలు చుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి ఆరుబయట ఆరేయండి. స్పిరిట్, థిన్నర్ డబ్బాలు వంటింటికి దూరంగా పెట్టండి.

మీ కూలీ ఎంత?

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. పాత సెట్టు రూ.9,000కు కొన్నారనుకోండి. రవాణా రూ.2,500, సామగ్రి రూ.4,500. మొత్తం రూ.16,000. రూ.26,000కు అమ్మితే లాభం రూ.10,000 అనిపిస్తుంది. కానీ దానికి 9 రోజులు పట్టింది. రోజుకు రూ.600 చొప్పున మీ కూలీ రూ.5,400 తీసేస్తే అసలు మిగిలింది రూ.4,600. అదే పనికి 15 రోజులు పడితే కూలీయే రూ.9,000. ఇక మిగిలేది వెయ్యి రూపాయలు. ధర చెప్పేముందు ఇలా రాసుకోండి. మీ ఊళ్లో రేట్లు వేరుగా ఉంటాయి, లెక్క పద్ధతి మాత్రం ఇదే.

రవాణా తగ్గించుకోవడానికి బల్ల కాళ్లు విప్పేయండి. విశాఖలో లోడు దించి ఖాళీగా పైకొచ్చే వ్యాన్ దొరికితే ఖర్చు ఇంకా తగ్గుతుంది. చేతిలో డబ్బు లేకపోతే కొని అమ్మడం కాకుండా, స్థానిక హోటళ్లు, హోమ్‌స్టేల దగ్గరున్న పాత కుర్చీలకే కుర్చీకి ఇంత అని మాట్లాడుకుని పనిచేయండి. సరుకు వాళ్లది, పని మీది. నష్టం భయం ఉండదు.

శిక్షణ, రుణాలు

- ఐటీఐల్లో కార్పెంటర్ ట్రేడ్ ఏడాది కోర్సు. మీకు దగ్గర్లోని ఐటీఐలో ఉందో లేదో కనుక్కోండి. స్వల్పకాలిక శిక్షణల కోసం పాడేరు ఐటీడీఏలో, గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో అడగండి. ఈ సంస్థల్లో శిక్షణ ఉచితం.
- బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో ఆధునిక వడ్రంగం శిక్షణ కేంద్రం ఉంది. ఈ రంగంలోనే స్థిరపడాలనుకునేవారు ఆలోచించొచ్చు.
- ముద్ర ‘శిశు’ రుణం రూ.50,000 వరకు ఇస్తారు. మొదలుపెట్టడానికి అది చాలు.
- పీఎంఈజీపీలో గ్రామీణ ప్రాంత ఎస్టీ అభ్యర్థులకు 35 శాతం రాయితీ ఉంది. సొంత వాటా 5 శాతం.
- 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలో వడ్రంగం కూడా ఉంది. శిక్షణలో రోజుకు రూ.500, పనిముట్లకు రూ.15,000, తొలి విడత రూ.లక్ష రుణం 5 శాతం వడ్డీకి ఇస్తారు. అయితే ఇది ఇప్పటికే ఆ పని చేస్తున్నవారి కోసం. కొత్తగా నేర్చుకోబోతున్నామంటే వర్తించదు.

మొదటి నెలలో...

అప్పు జోలికి పోకుండా, ఇంట్లో మూలనున్న ఒక్క పాత కుర్చీతో మొదలుపెట్టండి. ఊళ్లో వడ్రంగి ఉంటే పది రోజులు ఆయన పక్కన కూర్చోండి. ఉలి పట్టడం, జిగురు ఎంత రాయాలో తెలుసుకోవడం వీడియోలు చూస్తే రాదు. పనికి ముందు, తర్వాత ఫొటోలు తీసి పెట్టుకోండి. సర్టిఫికెట్ లేనివాళ్లకు అవే సర్టిఫికెట్లు. రెండో కుర్చీ పూర్తయ్యాక తెలిసినవాళ్ల హోటల్లో ఒక నెల వేసి వాడమనండి. నెల తర్వాత వెళ్లి చూడండి. అతుకు ఊగకుండా, పూత తెల్లబడకుండా ఉంటే, అప్పుడు ఆరు కుర్చీల సెట్టు కోసం విశాఖ బస్సెక్కొచ్చు.