ఇచ్చి పుచ్చుకున్న బిడ్డ

భిలాయిలో ఉక్కు ప్లాంటు ఉద్యోగి ఇంట్లో ఏ బీరువా తెరిచినా ఒక మెడికల్ బుక్ ఉంటుంది. ఉద్యోగి, ఇల్లాలు, పిల్లలు, ముసలి తల్లిదండ్రులు, ఫొటోలు, పేర్లు. సెక్టార్ 9 పెద్దాసుపత్రికి బయల్దేరేటప్పుడు ముందు వెతుక్కునేది దాన్నే. మూడేళ్లుగా ఇంట్లో పెరుగుతూ, నాన్నా అని పిలిచే పిల్లాడి పేరు అందులో లేదనుకోండి. ఎక్కించమని వెళ్తే అడిగేది ఒకటే మాట: కాగితం ఉందా?

ఉండదు. ఎందుకంటే ఆ పిల్లాణ్ణి ఇల్లాలి చెల్లెలు ఇచ్చింది. తనకు ముగ్గురు పుట్టారు, అక్కకు ఒక్కరూ లేరు, వేసవి సెలవుల్లో వచ్చి వదిలి వెళ్లింది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం కొత్తది కాదు. ప్లాంటుకు 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్. ఆ రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చినవాళ్లు క్యాంపుల్లో, ఖుర్సీపార్‌లో, సెక్టార్లలో స్థిరపడ్డారు. మామిడికాయ పచ్చడి వచ్చినట్టే, మేనల్లుళ్లూ మేనకోడళ్లూ అదే రైల్లో వచ్చారు. చదువుకు కొందరు, పెంపకానికి కొందరు. పెంచుకున్నాం అన్న ఒక్క మాటతో అందరికీ సరిపోయేది.

చట్టానికి మాత్రం ఆ మాట చాలదు. పెంచుకోవడం వేరు, దత్తత వేరు. పదేళ్లు అన్నం పెట్టి, బడికి పంపి, రాత్రిళ్లు మేలుకున్నా, పెంచుకున్నవాడు పెంచుకున్నవాడే. దత్తత జరిగితేనే కొడుకు. ఈ తేడా కొన్ని ఇళ్లలో పెద్దాయన పోయాక, గ్రాట్యుటీ, పీఎఫ్ కాగితాలు ముందుకు వచ్చినప్పుడు తెలుస్తుంది. అప్పటికి ఇచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ ఉండరు. చెప్పుకోవాల్సిన బాధ మొత్తం ఆ బిడ్డ నెత్తిన పడుతుంది.

హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులకు 1956 నాటి దత్తత చట్టం ఉంది. బంధువుల మధ్య ఇదే దగ్గర దారి. బిడ్డకు 15 ఏళ్లు నిండకూడదు, పెళ్లి కాకూడదు. కొడుకును దత్తత తీసుకోవాలంటే ఇంట్లో కొడుకుగానీ కొడుకు వైపు మనవడుగానీ ఉండకూడదు. కూతురికీ అదే లెక్క. మగవాడు ఆడపిల్లను, ఆడమనిషి మగపిల్లాణ్ణి తీసుకుంటే మధ్యలో కనీసం 21 ఏళ్ల తేడా ఉండాలి. భార్యకు ఇష్టం లేకుండా భర్త తీసుకోలేడు, భర్తకు ఇష్టం లేకుండా భార్యా తీసుకోలేదు. ఇవ్వాల్సింది కన్న తల్లిదండ్రులే. వాళ్లిద్దరూ లేని బిడ్డను అమ్మమ్మ ఒళ్లో పెట్టి ఇచ్చేస్తే చెల్లదు, సంరక్షకులు ముందు కోర్టు అనుమతి తెచ్చుకోవాలి.

దత్తహోమం తప్పనిసరి కాదు. బిడ్డను చేతుల్లో పెట్టి ఇవ్వడం, చేతులు చాపి పుచ్చుకోవడం తప్పనిసరి. ఆ రోజు ఒక ఫొటో తీయించుకోండి. తర్వాత రిజిస్ట్రారు ఆఫీసులో ఇరుపక్షాలూ సంతకాలు చేసిన దత్తత పత్రం ఉంటే, దత్తత చట్టప్రకారమే జరిగిందని కోర్టు మొదటే భావిస్తుంది. కాదని నిరూపించే బరువు ఎదుటివాడిది. ఒకసారి చెల్లుబాటుగా జరిగిన దత్తతను ఎవరూ రద్దు చేసుకోలేరు. అలిగితే పోయే చుట్టరికం కాదది.

దత్తత తగాదాలు మనకు కొత్తవీ కావు. ఒక్కగానొక్క కొడుకును దత్తత ఇవ్వొచ్చా అని బాలుసు వారి ఇంట్లో మొదలైన వ్యాజ్యం మద్రాసు దాటి లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ఇస్తే చెల్లుతుందని 1899లో తీర్పు వచ్చింది.

క్రైస్తవులు, ముస్లింలు, అనాథ బిడ్డను తీసుకోదలచిన ఎవరైనా పట్టవలసిన దారి 2015 బాల న్యాయ చట్టం. పిన్ని, బాబాయి, మేనమామ, మేనత్త, తాత, అమ్మమ్మ, నాయనమ్మలు కూడా ఈ దారిలో రావచ్చు. కేంద్ర దత్తత సంస్థ కారా వారి పోర్టల్లో పేరు నమోదు చేసుకుంటే, సామాజిక కార్యకర్త ఇల్లు చూడటానికి వస్తారు. చాలామంది గుమ్మానికి తోరణం కట్టినంత హడావుడి చేస్తారు, కొత్త కప్పులు దించుతారు. వచ్చినావిడ కప్పులు చూడదు. మీ ఇద్దరిలో ఈ ఆలోచన ఎవరికి ముందు వచ్చింది, రెండోవారు ఎందుకు ఒప్పుకున్నారు, అత్తగారు ఏమంటున్నారు, అని అడుగుతుంది. నిజం చెప్పండి. ఆ నివేదిక మూడేళ్లు చెల్లుతుంది.

తర్వాతిది ఎదురుచూపు, ఇదే కష్టం. దేశం మొత్తం మీద 30 వేలకు పైగా కుటుంబాలు వరుసలో ఉంటే, దత్తతకు సిద్ధంగా ఉన్న పిల్లలు వాళ్లలో పదోవంతైనా ఉండరు. 2024-25లో కారా ద్వారా 4,515 మంది పిల్లలు ఇళ్లు చేరారు, అప్పటికి పన్నెండేళ్లలో అదే ఎక్కువ. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే దంపతుల వయసులు కలిపి 85 దాటకూడదు. ఆసుపత్రుల చుట్టూ పదిహేనేళ్లు తిరిగి, అన్నీ అయ్యాక ఇటు తిరిగిన దంపతులు ఈ లెక్క దగ్గర ఆగిపోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఆలోచన ఉంటే ఇవాళే నమోదు చేసుకోండి. వైద్యం మానుకోమని కాదు.

బిడ్డ వివరాలు వచ్చాక 48 గంటల్లో మాట చెప్పాలి. ఆపైన చూసి, ఒప్పుకుని, సంరక్షణకు ఇంటికి తెచ్చుకుంటారు. ఆఖరి ఉత్తర్వు ఒకప్పుడు కోర్టు ఇచ్చేది. 2022 సెప్టెంబర్ 1 నుంచి కలెక్టరు ఇస్తున్నారు, భిలాయి వారికైతే దుర్గ్ కలెక్టరు. పుట్టిన సర్టిఫికెట్లో తల్లిదండ్రులుగా మీ పేర్లే వస్తాయి.

దుర్గ్ స్టేషన్లోనో గుడి మెట్ల మీదో పసిబిడ్డ దొరికితే దేవుడిచ్చాడని ఇంటికి తెచ్చుకునేవారు ఇంకా ఉన్నారు. 1098కి ఫోన్ చేయాలి. బాలల సంక్షేమ సమితి కన్నవారి కోసం వెతికి, లేరని తేలాకే బిడ్డను దత్తతకు అర్హురాలిగా ప్రకటిస్తుంది. తానే అప్పగించిన తల్లికి కూడా మనసు మార్చుకోవడానికి 60 రోజులు ఉంటాయి. ఆ అరవై రోజులు ఆమెకు దక్కాల్సిందే. నర్సు ద్వారానో ఏజెంటు ద్వారానో తెచ్చుకుంటే ఆ గడువును దొంగిలించినట్టే. 1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్‌లో బయటపడిన శిశువిక్రయాల్లో లంబాడీ తండాల తల్లులకు జరిగింది అదే. బిడ్డను కొన్నా అమ్మినా అయిదేళ్ల దాకా జైలు.

అయిదేళ్లు దాటిన పిల్లలకు వరుస తక్కువ, వాళ్ల గురించి అడిగేవారూ తక్కువే. ఆ వయసు బిడ్డను తన ఒప్పుదల లేకుండా దత్తత ఇవ్వరు, అడుగుతారు. ఇక్కడి బిడ్డయితే ఛత్తీస్‌గఢీ మాట్లాడుతుంది. మీ ఇంట్లో శ్రీకాకుళం యాస. మొదటి వారమంతా భయమేసినప్పుడు దాయీ, దాయీ అని పిలుస్తుంది. ఆ భాషలో అమ్మనే అలా అంటారు. దిద్దకండి, పలకండి.