బంగారు తీరము — ఘనా దేశము



నేను ఉపాధ్యాయుడనుగా నున్న పాఠశాలలో గోడకు ఒక పాత ఆఫ్రికా పటము వ్రేలాడుచుండెడిది. అందు పశ్చిమ సముద్రతీరము వెంబడి నాలుగు పేర్లు వరుసగా నుండెను: మిరియపు తీరము, దంతపు తీరము, బంగారు తీరము, బానిసల తీరము. ఒకనాడొక బాలుడు లేచి, "పంతులుగారూ, అచ్చటివారికి తమ ఊళ్ళకు పేర్లు పెట్టుకొనుట చేతకాదా?" అని యడిగెను. తక్కిన పిల్లలు నవ్విరి. నాకు తగిన సమాధానము తోచక, పాఠము ముందునకు సాగించితిని.

అవి అచ్చటివారు పెట్టుకొన్న పేర్లు కావు. ఓడలలో వచ్చిన వర్తకులు ఏ రేవున ఏ సరకు దొరకునో గుర్తుంచుకొనుటకై పెట్టిన పేర్లు. నాడు ఆ బాలునికి చెప్పలేకపోయిన సమాధానమును నేడు మీకు విన్నవించెదను. బంగారు తీరమనబడిన ఆ దేశమే నేటి ఘనా.

ఘనా దేశము పశ్చిమాఫ్రికాలో గినీ సింధుశాఖ నానుకొని యున్నది. పడమట ఐవరీకోస్టు, తూర్పున టోగో, ఉత్తరమున బుర్కినాఫాసో దీని యెల్లలు. వైశాల్యము 2,38,533 చదరపు కిలోమీటర్లు. అనగా మన రెండు తెలుగు రాష్ట్రములను కలిపినదానికంటె కొంచెము తక్కువ. 2021 జనాభా లెక్కల ప్రకారము ప్రజలు 3 కోట్ల 8 లక్షలు. ముఖ్యపట్టణము అక్రా. దక్షిణమున దట్టమైన అడవులు, ఉత్తరమున గడ్డిమైదానములు గలవు. శీతకాలమున సహారా ఎడారినుండి హర్మటన్ అను పొడిగాలి దుమ్ము నెత్తుకొని వచ్చును. కర్రపెండలము, పెండలము, అరటి, మొక్కజొన్న వారి ఆహారము. ఉడికించిన దుంపలను రోటవేసి రోకటితో దంచి ముద్దచేసి, పులుసులో ముంచుకొని తిందురు. దానికి ఫుఫూ అని పేరు.

1471లో పోర్చుగీసు నావికులు ఈ తీరమును చేరిరి. బంగారమునకై 1482లో ఎల్మినా అనుచోట కోట కట్టిరి. అది నేటికిని నిలిచియున్నది. 1637లో డచ్చివారు దానిని పట్టుకొనిరి. 1872లో ఆంగ్లేయుల కప్పగించిరి. మొదట బంగారమునకై కట్టిన కోటలు పిదప మనుష్యులను బంధించు కొట్లాయెను. కేప్ కోస్టు కోటలో క్రింద చీకటి గదులలో బానిసలు, వారి తలలపైన ప్రార్థనామందిరము! సముద్రమువైపు తెరచుకొను ఒక ద్వారముగుండ వారిని ఓడల కెక్కించి అమెరికాఖండమునకు పంపెడివారు. ఆ ద్వారము దాటినవారు తిరిగి వచ్చుట యన్నది లేదు. 1807లో ఆంగ్లేయులు తమ ప్రజలకు ఈ వర్తకమును నిషేధించిరి.

ఇచ్చట మనకు సంబంధించిన మాట యొకటి కలదు. కోరమాండల్ తీరమున నేసిన నూలుగుడ్డలు ఐరోపాకు పోయి, అటనుండి ఈ గినీ తీరమునకు చేరెడివి. ఆ వ్యాపారమున వానికి గినీ గుడ్డ యనియే పేరు. మనుష్యులకు వెలగా చెల్లించిన సరకులలో ఆ గుడ్డయు నొకటి. మగ్గముకడ కూర్చున్న నేతగానికి ఈ సంగతి తెలియదు. తన చేతిపని ఎచ్చటికి పోయి దేనికి మారకమగుచున్నదో పనివానికి తెలియని వ్యాపారమున పాపమెవరిదో ధర్మజ్ఞులు విచారింపవలయును.

తీరమునకు ఉత్తరమున అడవుల నడుమ కుమాసీ రాజధానిగా ఆసాంటే రాజ్యము వర్ధిల్లెను. పదునేడవ శతాబ్దాంతమున ఓసై టుటూ అను రాజు చిన్న చిన్న సంస్థానములను ఒక్కటి చేసెను. ఆయన గురువు ఒకొంఫో అనోచే ప్రార్థింపగా ఆకాశమునుండి ఒక సువర్ణపీఠము దిగి రాజు ఒడిలో నిలిచెనని వారి ఐతిహ్యము. ఆ పీఠమున జాతి ప్రాణము నిలిచియున్నదని వారి విశ్వాసము. కావున దానిపై ఎవ్వరును కూర్చుండరు. రాజు సయితము కూర్చుండడు.

1874లో ఆంగ్లేయసేన కుమాసీని తగులబెట్టి రాజభవనపు స్వర్ణాభరణములను కొల్లగొట్టెను. 1896లో రాజు ప్రెంపేను బంధించి దేశమునుండి వెడలగొట్టిరి. 1900లో గవర్నరు హాడ్జ్సన్ కుమాసీకి వచ్చి, తాను కూర్చుండుటకు ఆ సువర్ణపీఠమును ఏల తేలేదని సభలో నడిగెను. విక్రమార్కుని సింహాసన మెక్కబోయిన భోజరాజును సాలభంజికలు అడ్డగించిన కథ మీరెరిగినదే. ఇచ్చట అడ్డగించినది ఎజిసూ సంస్థానపు రాజమాత యా అసాంటెవా. పురుషులు వెనుదీసినచో స్త్రీలమే పోరాడెదమని ఆమె ముందునకు వచ్చెనని చెప్పుదురు. నెలల తరబడి యుద్ధము జరిగెను. తుదకు ఆసాంటేలు ఓడిరి. ఆమెను సీషెల్స్ దీవులకు పంపగా 1921లో అచ్చటనే మరణించెను. రాజ్యము పోయినది గాని పీఠము ఆంగ్లేయుల చేతికి చిక్కలేదు. ప్రెంపే 1924లో తిరిగి వచ్చెను.

1874లో కొల్లపోయిన సొమ్ములలో కొన్ని 2024లో లండను ప్రదర్శనశాలలనుండి కుమాసీకి వచ్చినవి. అయితే ఇచ్చివేయలేదు, గడువుపెట్టి ఎరువిచ్చిరి. ఎరువుసొమ్ము బరువుచేటని మన సామెత. తమ సొమ్మే తమకు ఎరువైన వింత ఇది!

ఇక కోకో సంగతి. ఇది ఆ దేశమున పుట్టిన చెట్టు కాదు, అమెరికాఖండపుది. 1879లో టెట్టే క్వార్షీ అను కమ్మరి ఫెర్నాండోపో దీవిలో పనిచేసి తిరిగి వచ్చుచు కోకో గింజలు తెచ్చి మాంపాంగ్ గ్రామమున నాటెను. రైతులు తమంతట తాము అడవులు కొట్టి తోటలు వేసిరి. 1911 నాటికి బంగారు తీరము కోకో ఎగుమతిలో ప్రపంచమున మొదటిదయ్యెను. కోకో కాయలు కొమ్మల చివర గాక మాననే కాయును. కాయను చీల్చి, గుజ్జుతోనున్న గింజలను కుప్పపోసి అరటాకులు కప్పి ఆరేడు దినములు పులియవెట్టుదురు. పిమ్మట చాపలపై నెండబెట్టి బస్తాల కెత్తుదురు. ఈ శ్రమ యంతయు రైతుది. వెల నిర్ణయించుట మాత్రము ఆ కాలమున వర్తకునిది.

1937లో కోకో కొను ఐరోపా కంపెనీలు తమలో పోటీ లేకుండ ఒకే తీరున కొనుటకు ఒడంబడిక చేసికొనినవి. రైతులకిది తెలిసినది. గ్రామపెద్దలు సభలు చేసి, ఒక్క గింజయు అమ్మరాదని కట్టడి చేసిరి. పరదేశపు సరకులను సయితము కొనుట మానిరి. పంట ఇండ్లలో మూలుగుచుండగా, అప్పులు పెరుగుచుండగా, నెలల తరబడి వారు చలింపలేదు. 1938 ఏప్రిలులో సంధి కుదిరెను. బ్రిటిషు ప్రభుత్వము పంపిన విచారణసంఘము ఆ కంపెనీల ఒడంబడిక తగదని తీర్పు చెప్పెను. మార్కెటులో బస్తా దింపి వర్తకుని ముఖము వంక చూచిన ప్రతి రైతునకును ఈ వృత్తాంతపు విలువ తెలియును.

రెండవ ప్రపంచయుద్ధమున ఈ దేశపు సైనికులు మన దేశముమీదుగా పోయి బర్మాలో పోరాడిరి. తిరిగివచ్చిన పిదప, తమకు రావలసిన సౌకర్యములకై 1948 ఫిబ్రవరి 28న అక్రాలో ఊరేగింపుగా పోవుచుండగా కాల్పులు జరిగి ముగ్గురు మరణించిరి. దేశము భగ్గుమనెను. క్వామే ఎన్క్రూమా 1949లో కొత్త పక్షమును స్థాపించి, గాంధీమహాత్ముని మార్గమునుండి స్ఫూర్తి గొని 1950లో అహింసాయుతమైన సమ్మెలు, సహాయనిరాకరణము సాగించెను. కారాగారమున నుండగనే 1951 ఎన్నికలలో గెలిచెను. 1957 మార్చి 6న దేశము స్వతంత్రమయ్యెను. వర్తకులు పెట్టిన పేరును త్రోసివేసి, వాయవ్యదిశన దూరమున పూర్వము వెలసిన ఘనా సామ్రాజ్యపు పేరును ధరించెను. 1960లో గణరాజ్యమయ్యెను.

పేరు మారినంత మాత్రమున సంత మారదు. 1965లో అకోసోంబోకడ వోల్టానదిపై ఆనకట్ట పూర్తయ్యెను. దానివలన విద్యుత్తు వచ్చెను, మహాసరస్సు ఏర్పడెను, దాదాపు 80,000 మంది ఇండ్లు వాకిళ్ళు విడువవలసివచ్చెను. అదే కాలమున కోకో ధర పడిపోయెను, ఋణము పెరిగెను. 1966లో సైన్యము ఎన్క్రూమాను పదవినుండి తొలగించెను. పిదప పెక్కేండ్లు సైనికపాలనములు సాగినవి. 1992లో కొత్త రాజ్యాంగము వచ్చినది. నాటినుండి 2000, 2008, 2016, 2024 ఎన్నికలలో ఓడిన పక్షము గెలిచిన పక్షమునకు నెత్తురు చిందకుండ అధికార మప్పగించినది. ఇది సామాన్యమైన కీర్తి కాదు.

ఆర్థికముగ బాధలు తీరలేదు. ఆఫ్రికాలో అగ్రశ్రేణి బంగారపు దేశమైనను 2022 డిసెంబరులో విదేశఋణముల చెల్లింపును చాలవరకు నిలిపివేసినది. దొంగచాటు త్రవ్వకములవలన నదులు బురదలగుచున్నవి, కోకో తోటలు గోతులగుచున్నవి. 2024లో ప్రపంచవిపణిని కోకో టన్ను 10,000 డాలర్లు దాటినపుడు సయితము, ముందే కుదుర్చుకొన్న ధరల మూలమున రైతునకు అందులో కొంతభాగమే ముట్టినది.

వారి ఆచారములు కొన్ని చెప్పి ముగించెదను. అకాన్ జాతివారు పుట్టిన వారమునుబట్టి పేరు పెట్టుదురు. శనివారము పుట్టినవాడు క్వామే, శుక్రవారమైన కోఫీ. గురువారము పుట్టిన స్త్రీ యా. వంశము తల్లివైపు లెక్క. రాజునకు పిమ్మట అతని కొడుకు గాక, సోదరుడో మేనల్లుడో రాజగును. సభలో రాజు నేరుగా మాటాడడు. దండము ధరించిన వాక్ప్రతినిధి ఆయన మాటను సంస్కరించి వినిపించును. కెంటే వస్త్రమును నాలుగంగుళముల పట్టీలుగా నేసి, వానిని కలిపి కుట్టి రంగురంగుల నిండుగుడ్డ చేయుదురు.

వారు వస్త్రములపై అద్దు గుర్తులలో సాంకోఫా యను పక్షి యొకటి కలదు. దాని పాదములు ముందునకు, ముఖము వెనుకకు నుండును. మరచివచ్చిన దానిని వెనుకకు పోయి తెచ్చుకొనుట తప్పుకాదని దాని భావము.

ఆ బాలుడు నేడు ఎచ్చట నున్నాడో నే నెరుగను. ఈ ప్రసంగమును వినుచున్న యెడల నా మాట ఇది: నాయనా, వారికి పేర్లు పెట్టుకొనుట చేతనగును. ఇతరులు పెట్టిన పేరును తుడిచివేసి, తమ పేరును వ్రాసికొనినారు. తమ పంటకు వెలను సయితము తామే వ్రాసికొను దినమునకై యింకను పాటుపడుచున్నారు. ఆ రెండవపని మన పల్లెలకును క్రొత్తది కాదు.

సెలవు.