ఊళ్లో ఎక్కువ, హైవేలో తక్కువ

ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు విద్యుదయస్కాంత ప్రేరణ చెబుతుంటే వెనక బెంచీలో అమ్మాయి లేచి అడిగింది. "సార్, మా నాన్న పెట్రోలు కారు ఊళ్లో లీటరుకు పన్నెండిస్తుంది, హైవే ఎక్కితే పద్దెనిమిదిస్తుంది. మా బాబాయి ఎలక్ట్రిక్ కారేమో ఊళ్లో బాగా తిరుగుతుంది, హైవే ఎక్కగానే రేంజ్ పడిపోతుంది. రెండూ కార్లే కదా, ఎందుకిలా?"

ఎలక్ట్రిక్ బండి రేంజ్ ఎందుకు తక్కువని చాలామంది అడుగుతారు. బ్యాటరీ చిన్నదంటే సరేనని ఊరుకుంటారు. ఆ అమ్మాయి అడిగింది అంతకంటే లోతైన ప్రశ్న. ఒకే రోడ్డు మీద రెండు యంత్రాలు ఎదురెదురు దిక్కుల్లో ఎందుకు ప్రవర్తిస్తాయి? దానికి జవాబు దొరికితే రేంజ్ సంగతంతా తెలిసినట్టే.

ముందు నిల్వల సంగతి. లీటరు పెట్రోలులో ఉన్న శక్తి సుమారు తొమ్మిది యూనిట్లు, అంటే మన కరెంటు బిల్లులో వచ్చే యూనిట్లే. నలభై లీటర్ల ట్యాంకు నిండితే 360 యూనిట్లు. దాని బరువు ముప్పై కిలోలు దాటదు. నలభై యూనిట్ల బ్యాటరీ ప్యాక్ బరువేమో పావు టన్ను పైమాటే. శక్తిలో తొమ్మిది రెట్ల తేడా ఉన్నప్పుడు దూరంలోనూ తొమ్మిది రెట్ల తేడా రావాలి. కానీ పెట్రోలు కారు ఆరు వందల కిలోమీటర్లు పోతే ఎలక్ట్రిక్ కారు మూడు వందల దాకా పోతోంది. తేడా రెండు రెట్లే. మిగతా పెట్రోలంతా ఏమైనట్టు? చాలావరకు రేడియేటర్లోంచి, సైలెన్సర్లోంచి వేడిగా పోయింది. ఊరి ట్రాఫిక్‌లో అయితే పెట్రోలు శక్తిలో చక్రాలకు చేరేది ఏడో ఎనిమిదో వంతు.

దీన్నిబట్టి ఇంజిన్ చేతకానిదని అనుకోకూడదు. ఎనభై హార్స్‌పవర్ ఇంజిన్‌ను తీసుకోండి. గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో కారు నిలకడగా నడవడానికి కావలసింది రెండు మూడు హార్స్‌పవర్. అంత పెద్ద ఇంజిన్ చేత అంత చిన్న పని చేయించడంలోనే చిక్కుంది. పెట్రోలు సక్రమంగా మండాలంటే గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి కావాలి. ఆ పాళ్లు తప్పితే పొగ శుద్ధిచేసే కాటలిటిక్ కన్వర్టర్ పనిచేయదు. అందుకని శక్తి తగ్గించాలంటే పెట్రోలుతో పాటు గాలినీ తగ్గించాలి. గాలి గొట్టంలో త్రాటిల్ అనే గుండ్రటి రేకు అడ్డుతిరిగేది ఇందుకే. అది మూసుకుంటే పిస్టన్ కిందికి దిగేటప్పుడు ఆ సన్నని సందులోంచి గాలిని బలవంతంగా లాక్కోవాలి. ఆ లాగుడుకయ్యే శ్రమ కూడా పెట్రోలు ఖాతాలోదే. పిస్టన్ రింగుల రాపిడి, ఆయిల్ పంపు, వాల్వుల స్ప్రింగులు అన్నీ బండి పాకినా పరుగెత్తినా తమ వాటా తాము తీసుకుంటాయి. సిగ్నల్ దగ్గర ఆగినా ఖర్చు ఆగదు. చిన్న ఇంజినైనా ఊరికే తిరుగుతుంటే గంటకు అర లీటరు దాకా తాగుతుంది. డీజిల్ ఇంజిన్‌కు మామూలుగా ఈ త్రాటిల్ అవసరమే లేదు. డీజిల్ బండి ట్రాఫిక్‌లో పెట్రోలు బండి అంతగా చితికిపోకపోవడానికి అదొక కారణం.

పెట్రోలు ఇంజిన్ దినకూలి తీసుకునే మనిషి, పని ఉన్నా లేకపోయినా గంటల లెక్కన ఇచ్చుకోవాల్సిందే. ఎలక్ట్రిక్ మోటారు గుత్తకు పనిచేసేది, చేసిన పనికే తీసుకుంటుంది. బండి ఆగితే దానికి కరెంటు అక్కర్లేదు. కదిలితే కావలసినంతే తీసుకుంటుంది, తీసుకున్న పది పాళ్లలో దాదాపు తొమ్మిది చక్రాలకు ఇస్తుంది.

ఇక నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని భాగం. యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే ఆ మోటారే జనరేటరవుతుంది. బండి ఊపుకు చక్రాలు తిరుగుతూనే ఉంటాయి, వాటితో పాటు రోటారు మీది అయస్కాంతాలు తీగచుట్టల ముందు నుంచి పరుగెడతాయి, చుట్టల్లో వోల్టేజీ పుడుతుంది. అక్కడ కరెంటు పారితే ఆ కరెంటే తిరుగుడును అడ్డుకుంటుంది. పిల్లలు పరీక్ష కోసం బట్టీపట్టే లెంజ్ నియమం ఇదే. కారులో అది బ్రేకు.

అయితే ఇక్కడొక ముడి ఉంది. బ్యాటరీది మూడు వందల వోల్టులకు పైన. బండి నెమ్మదిగా పోతుంటే మోటారులో పుట్టే వోల్టేజీ అందులో పావు వంతు కూడా ఉండకపోవచ్చు. తక్కువ వోల్టేజీ వైపు నుంచి ఎక్కువ వోల్టేజీ వైపుకు కరెంటును ఎలా ఎక్కిస్తారు? బ్యాటరీకీ మోటారుకూ మధ్య ఉండే ఇన్వర్టర్‌లోని ట్రాన్సిస్టర్లు ముందు తీగచుట్టల కొసలను క్షణకాలం కలిపేస్తాయి. చుట్టలో కరెంటు జోరందుకుంటుంది. వెంటనే ఆ దారి తెంచేస్తాయి. చుట్టలో పారుతున్న కరెంటు ఉన్నట్టుండి ఆగడానికి ఒప్పుకోదు. తన వోల్టేజీని తానే పెంచుకుని, మిగిలిన ఒక్క దారిలో, అంటే బ్యాటరీలోకి దూసుకుపోతుంది. కలపడం, తెంచడం, మళ్లీ కలపడం, ఇలా సెకనుకు దాదాపు పదివేల సార్లు. ఇందుకోసం వేరే కాయిల్ పెట్టలేదు. మోటారు చుట్టలే ఆ పనీ చేసిపెడతాయి. ఫ్యాను స్విచ్ తీసినప్పుడు చిటుక్కుమనే నిప్పురవ్వలో ఉన్నది ఇదే భౌతికశాస్త్రం. పెట్రోలు కారులో పన్నెండు వోల్టులను వేల వోల్టులుగా మార్చి స్పార్క్ ప్లగ్గును వెలిగించే ఇగ్నిషన్ కాయిల్‌లోనూ ఇదే ఉంది.

తిరుమల ఘాట్ మీద లెక్క వేస్తే ఇలా తిరిగొచ్చే శక్తి ఎంతో చేతికి అందుతుంది. తిరుపతి నుంచి కొండపైకి ఎత్తు సుమారు 700 మీటర్లు. పదహారు వందల కిలోల కారును అంత ఎత్తుకు చేర్చడానికి చక్రాల దగ్గర మూడు యూనిట్లు కావాలి. ఎక్కేటప్పుడు ఏ కారుకైనా అది తప్పదు. దిగేటప్పుడు తెలుస్తుంది తేడా. గేరులో దిగే పెట్రోలు కారుకు నేటి ఇంజెక్షన్ వ్యవస్థ పెట్రోలు సరఫరా పూర్తిగా ఆపేస్తుంది, కాబట్టి దానికీ ఖర్చు లేదు. కానీ ఆ మూడు యూనిట్లలో రోడ్డుకూ గాలికీ పోగా మిగిలింది ఇంజిన్ రాపిడిలో, బ్రేకు డిస్కుల వేడిలో కలిసిపోతుంది. ఎలక్ట్రిక్ కారులోనూ రోడ్డు, గాలి తమ వంతు తీసుకుంటాయి. ఆ పైన ఇంచుమించు ఒక యూనిట్ బ్యాటరీలోకి తిరిగొస్తుంది. 2022 నుంచి ఆ దారిలో ఏపీఎస్ ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. బస్సు బరువును బట్టి తిరిగొచ్చే యూనిట్లు కూడా అన్ని రెట్లు. ఊళ్లో ప్రతి సిగ్నలూ, ప్రతి స్పీడ్ బ్రేకరూ ఇలాంటి చిన్న ఘాట్ రోడ్డే.

హైవేలో ఈ రాబడి ఉండదు, బ్రేకు వేసేదే తక్కువ కనుక. పైగా గాలి ఎదురవుతుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలు, చక్రాల రాపిడి మాత్రం ఉన్నంతే. మామూలు కారుకు వంద కిలోమీటర్ల దూరానికి చక్రాల దగ్గర కావలసింది 50 వేగంలో ఆరున్నర యూనిట్లు, 100 వేగంలో పదమూడున్నర. ఎలక్ట్రిక్ కారుకు దాచిపెట్టిన వృథా ఏమీ లేదు కాబట్టి ఈ రెట్టింపు ఖర్చంతా నేరుగా రేంజ్ మీద పడుతుంది. పెట్రోలు కారుకూ గాలి అదే. కానీ హైవేలో దాని త్రాటిల్ తెరుచుకుంటుంది, ఇంజిన్‌కు తగిన పని దొరుకుతుంది, గంటల లెక్కన ఇచ్చే కూలి ఎక్కువ కిలోమీటర్ల మీద సర్దుకుంటుంది. గాలి అడిగే దానికన్నా వృథా తగ్గడం వల్ల మిగిలేది ఎక్కువ. అందుకే మైలేజీ పెరిగినట్టు కనిపిస్తుంది. 120 దాటితే ఆ కారూ గాలి ముందు ఓడిపోతుంది. అమెరికాలో చలికాలం గడిపే మనవాళ్లు ఇంకో తేడా చూస్తారు. అక్కడ పెట్రోలు కారు తన వృథా వేడితోనే లోపలివాళ్లను వెచ్చగా ఉంచుతుంది. ఎలక్ట్రిక్ కారు ఆ వెచ్చదనానికీ బ్యాటరీనే ఖర్చుపెట్టాలి.

వందేళ్లకు ముందు ఈ పోటీ ఇంతకన్నా దగ్గరగా నడిచింది. 1900లో అమెరికాలో తయారైన 4,192 కార్లలో 1,575 ఎలక్ట్రిక్, 936 మాత్రమే పెట్రోలువి, మిగిలినవి ఆవిరివి. హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా నడిపింది డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారు. ఆ కంపెనీ కారు ఒక పరీక్షలో ఒక్క ఛార్జింగ్‌తో 340 కిలోమీటర్లు పోయింది! నేటి బ్యాటరీల ముందు ఏ మూలకూ చాలని నిల్వతో అంత దూరం ఎలా పోయిందో పై లెక్క చదివినవారికి వేరే చెప్పక్కర్లేదు. ఆ కారు మామూలు వేగం గంటకు ముప్పై చిల్లర కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి దాదాపు అడ్డే కాదు. అప్పటి పెట్రోలు కారుకున్న పెద్ద బాధ ముందు నిలబడి హ్యాండిల్ తిప్పడం. 1912 కాడిలాక్‌లో చార్లెస్ కెటరింగ్ సెల్ఫ్ స్టార్టర్ పెట్టి దాన్ని తీర్చాడు. ఒక చిన్న ఎలక్ట్రిక్ మోటారు వచ్చి ఎలక్ట్రిక్ కార్లను మూలకు నెట్టింది. అంతకు ముందే కాడిలాక్‌కు కొత్త ఇగ్నిషన్ కాయిల్ పద్ధతిని ఇచ్చిందీ కెటరింగే.

తర్వాతి కథ తొందరగా చెప్పవచ్చు. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని బజారుకు తెచ్చింది. 2001లో బెంగళూరులో పుట్టిన రేవా ఇంకా సీసం బ్యాటరీలతోనే ఎనభై కిలోమీటర్లు తిరిగేది. 2008లో టెస్లా రోడ్‌స్టర్ 53 యూనిట్ల లిథియం ప్యాక్‌తో 393 కిలోమీటర్ల రేంజ్ చూపింది. 2022లో మెర్సిడెస్ వారి ఈక్యూఎక్స్ఎక్స్ అనే నమూనా కారు వంద యూనిట్ల లోపు బ్యాటరీతో జర్మనీ నుంచి ఫ్రాన్స్ దక్షిణ తీరానికి వెయ్యి కిలోమీటర్లు దాటింది. ఆ ఘనతలో బ్యాటరీకి ఎంత వాటా ఉందో, గాలిని చీల్చకుండా జారిపోయే దాని ఒంటికీ అంత వాటా ఉంది.

పెట్రోలుకు నిజమైన పైచేయి ట్యాంకులో కన్నా బంకులో ఉందని నా అభిప్రాయం. పంపు నిమిషానికి ముప్పై లీటర్లు పోస్తే 270 యూనిట్లు పోసినట్టు. అంటే ఒక్క గొట్టంలోంచి పదహారు మెగావాట్లు! అందులో పావు వంతే చక్రాలకు చేరుతుందనుకున్నా 60 కిలోవాట్ల ఛార్జర్ దాని దరిదాపుల్లోకి రాదు. దాన్నుంచి వచ్చేది నిమిషానికి ఒక్క యూనిట్.

విజయవాడ నుంచి హైదరాబాద్‌కు 270 కిలోమీటర్లు పైన. నలభై యూనిట్ల కారును ఏసీ వేసుకుని 80 వేగంతో నిలకడగా నడిపితే నా లెక్క ప్రకారం 310 కిలోమీటర్లు పోవాలి, అంటే ఆగకుండా ఊరు చేరవచ్చు. 100కు పెంచితే 250 దగ్గరే బ్యాటరీ అయిపోతుంది. అప్పుడు దారిలో ఛార్జర్ దగ్గర పది పదిహేను నిమిషాలు ఆగాలి. అలా ఆగినా 80తో వచ్చినవాడికన్నా అరగంట ముందే చేరతారు, ఛార్జర్ దగ్గర మీకన్నా ముందు ఇంకో కారు లేకపోతే.