కారు ఎంపికలో ఇంధన పొదుపు, సౌకర్యం

ఇల్లు, పిల్లల చదువు, పెళ్ళిళ్ళు - వీటి తర్వాత మధ్యతరగతి కుటుంబం చేసే పెద్ద ఖర్చు కారు. అయితే కారు ఖర్చు కొన్న రోజుతో ముగియదు. అది ఇంటి ముందు ఉన్నంతకాలం పెట్రోలు బంకుకు కప్పం కడుతూనే ఉండాలి. అందుచేతనే కారు కొనదలచినవారు అడిగే మొదటి ప్రశ్న "మైలేజీ ఎంత?" అన్నది. రెండవది "ఇంటిల్లిపాదీ పడతారా?" అన్నది. ఈ రెండు ప్రశ్నలకూ ఒకే బండి పూర్తి సమాధానం చెప్పడం అరుదు. స్థలం పెరిగితే సాధారణంగా బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే ఇంధనం ఖర్చు పెరుగుతుంది. ఈ రెండింటినీ దేనితో తూచాలి అన్నదే అసలు సమస్య.

అంబాసిడర్ నుండి మారుతి వరకు

స్వాతంత్ర్యానంతరం మూడు దశాబ్దాలపాటు భారతీయ కొనుగోలుదారుకు ఈ సమస్య అంతగా ఎదురు కాలేదు. ఎంచుకోవడానికి బండ్లే కరవు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారయిన అంబాసిడర్, బొంబాయిలో తయారయి తర్వాత ప్రీమియర్ పద్మినిగా పేరు మారిన ఫియట్, మద్రాసు నుండి వచ్చిన స్టాండర్డ్ హెరాల్డ్ - దాదాపు ఇవే. వాటికైనా డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వేచి ఉండవలసి వచ్చేది. 2014 వరకు తయారయిన అంబాసిడర్ బరువు టన్నుకు పైమాటే. వెనుక సీటులో ముగ్గురు హాయిగా కూర్చునేవారు. సర్దుకుంటే నలుగురికీ చోటు దొరికేది. పెళ్ళి సామాను డిక్కీలో పట్టేది. అందుకు తగినట్లుగా అది త్రాగే పెట్రోలు కూడా తక్కువ కాదు.

1973 అక్టోబరులో మొదలయిన చమురు సంక్షోభంతో ముడి చమురు ధర కొద్ది నెలలలోనే పీపాకు సుమారు 3 డాలర్ల నుండి 12 డాలర్ల దరిదాపులకు పెరిగింది. 1979లో ఇరాన్ విప్లవంతో రెండవ దెబ్బ తగిలింది. చమురు కోసం విదేశాలపై ఆధారపడిన దేశాలన్నీ పొదుపు మార్గాలు వెదకవలసి వచ్చింది. ఈ నేపథ్యంలోనే 1981లో మారుతి ఉద్యోగ్ సంస్థ ఏర్పడింది. మరుసటి సంవత్సరం జపాన్‌కు చెందిన సుజుకితో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 యజమానికి అందింది. దాని ఇంజను 796 సి.సి.; బరువు 650 కిలోల ప్రాంతం. తర్వాత వచ్చిన మారుతి 800 నమూనాకు తోబుట్టువు వంటి బండి పాకిస్తాన్‌లో మెహ్రాన్ పేరుతో 1989 నుండి 2019 వరకు తయారయింది. ఉపఖండంలో సరిహద్దుకు ఇరువైపులా మధ్యతరగతి కుటుంబాలు పొదుపును ఇంచుమించు ఒకే రూపంలో ఇంటికి తెచ్చుకున్నాయి.

పొదుపు దొరికింది కాని స్థలం తగ్గింది. ఈ వెలితిని పూరించే ఉద్దేశంతో 1998లో టాటా సంస్థ ఇండికాను ప్రదర్శించింది. అంబాసిడర్ లోపలి విశాలత, మారుతి జెన్ వెలుపలి పరిమాణం, డీజిలు పొదుపు - ఈ మూడింటినీ ఒక్కచోట కూర్చాలన్నది దాని లక్ష్యం. ఇంజనును అడ్డంగా అమర్చి, ముందు చక్రాలనే త్రిప్పే పద్ధతి వల్ల చిన్న బండిలో కూడా మనుషులకు ఎక్కువ చోటు మిగులుతుంది. వెలుపలి పొడవు, లోపలి చోటు ఒకటి కావన్నది ఈ చరిత్ర నేర్పిన మొదటి పాఠం.

పన్నుల విధానం కూడా బండ్ల ఆకారాన్ని మార్చింది. 2006-07 కేంద్ర బడ్జెట్‌లో, పొడవు 4 మీటర్లు, పెట్రోలు ఇంజను 1200 సి.సి. లేక డీజిలు ఇంజను 1500 సి.సి. మించని కార్లపై ఎక్సైజు సుంకాన్ని 24 నుండి 16 శాతానికి తగ్గించారు. తత్ఫలితంగా డిక్కీని కుదించి 4 మీటర్లలో ఇమిడ్చిన కార్లు పుట్టుకొచ్చాయి. 2025 సెప్టెంబరు 22 నుండి అమలులోకి వచ్చిన జి.ఎస్.టి. రేట్లలో కూడా ఇదే హద్దు నిలిచింది: ఈ హద్దులోని పెట్రోలు, డీజిలు కార్లకు 18 శాతం, దాటినవాటికి 40 శాతం. కనుక 4 మీటర్లకు పైన కొనే ప్రతి అంగుళానికీ ఇంధనంతోపాటు పన్ను కూడా చెల్లించవలసి ఉంటుంది.

ఇంధనం ఎక్కడికి పోతుంది?

పెట్రోలులోని శక్తిలో ఎక్కువ భాగం ఇంజను వేడి రూపంలోనే పోతుంది. చక్రాలకు చేరిన కొద్ది భాగం మూడు పనులు చేస్తుంది: ఆగిన బండిని కదిలించి వేగం అందుకొనేట్లు చేయడం, టైర్ల రాపిడిని అధిగమించడం, ఎదురయ్యే గాలిని చీల్చుకొని పోవడం. మొదటి రెండు పనులకు అయ్యే ఖర్చు బండి బరువును బట్టి పెరుగుతుంది. మూడవది బండి ఎత్తు, వెడల్పు, ఆకారం, వేగం మీద ఆధారపడుతుంది.

నగరంలో అడుగడుగునా సిగ్నళ్ళు. ఆగిన ప్రతిసారీ బండి సంపాదించిన వేగమంతా బ్రేకులలో వేడిగా మారిపోతుంది. మళ్ళీ మొదటినుండి ఖర్చు పెట్టాలి. ఇక్కడ బరువే ప్రధాన శత్రువు. జాతీయ రహదారి మీద పరిస్థితి వేరు. గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల నుండి 100కు పోతే వేగం పెరిగింది నాలుగవ వంతే కాని, గాలి నిరోధం ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది. అందువల్ల నిలువెత్తు బండి రహదారిపై ఎక్కువ మూల్యం చెల్లిస్తుంది.

ఘాట్ రోడ్డు లెక్క మరొకటి. టన్ను బరువును 800 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి, మామూలు ఇంజను సామర్థ్యంతో, సుమారు ఒక లీటరు పెట్రోలు అదనంగా కావాలి. ఐదుగురితో, సామానుతో, ఏ.సి. వేసుకొని శ్రీశైలం దారి పట్టిన చిన్న కారు క్రింది గేర్లలోనే మూలుగుతూ పోవలసి వస్తుంది. అటువంటప్పుడు చిన్న ఇంజను పొదుపు చాలావరకు కరిగిపోతుంది. చిన్న ఇంజను ఎప్పుడూ పొదుపే అనుకోవడం సరి కాదు. పనికి తగిన ఇంజనే పొదుపు.

మైలేజీ అంకెలోని మాయ

కార్ల సంస్థలు ప్రకటిస్తూ వచ్చిన మైలేజీ, ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏ.సి. ఆపి, నిర్ణీత వేగాలలో నడిపి కొలిచినది. రోడ్డు మీద అంత రాదు. ఇటీవల పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తున్నది. లీటరు ఇథనాల్‌లోని శక్తి లీటరు పెట్రోలు శక్తిలో సుమారు మూడింట రెండు వంతులే కనుక మైలేజీ మరికొంత తగ్గుతుంది. ప్రకటించిన అంకె రెండు బండ్లను పోల్చడానికి పనికివస్తుంది కాని ఇంటి బడ్జెట్ వేసుకోవడానికి చాలదు.

ఇంతకంటె ముఖ్యమైన చిక్కు మరొకటి ఉన్నది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్న కొలత మనసును తప్పుదారి పట్టిస్తుంది. లీటరుకు 20 కిలోమీటర్లిచ్చే బండికి బదులు 25 ఇచ్చేది కొంటే 100 కిలోమీటర్లకు 5 లీటర్ల స్థానంలో 4 ఖర్చవుతాయి. అంటే మిగిలేది ఒక్క లీటరు. అదే 10 ఇచ్చే బండికి బదులు 12 ఇచ్చేది కొంటే 10 లీటర్ల స్థానంలో 8.3 ఖర్చవుతాయి, మిగిలేది దాదాపు 1.7 లీటర్లు. అంకెలో తేడా 5 ఉన్నచోట లాభం తక్కువ, 2 ఉన్నచోట లాభం ఎక్కువ. కనుక అడగవలసిన ప్రశ్న "లీటరుకు ఎంత దూరం?" అన్నది కాదు, "నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు?" అన్నది. ఈ విధంగా లెక్కించినప్పుడు రెండు విషయాలు బయటపడతాయి. పెద్ద బండ్లలో ఒకటి రెండు కిలోమీటర్ల తేడా కూడా విలువైనదే. చిన్న బండ్లలో ఆ స్వల్ప తేడా కోసం మంచి సీటును, భద్రతను వదులుకోవడం తెలివైన బేరం కాదు.

ఏడాదికి ఎంత తిరుగుతారు?

ఒక ఉదాహరణ తీసుకుందాం. లెక్క సులభంగా ఉండడానికి పెట్రోలు లీటరు 100 రూపాయలనుకుందాం. లీటరుకు 12 కిలోమీటర్లిచ్చే విశాలమైన కారు ఒకటి, 20 ఇచ్చే చిన్న కారు ఒకటి. ధరలో తేడా 3 లక్షలు. ఊళ్ళోనే ఉద్యోగం చేసే దంపతులు ఏడాదికి 5,000 కిలోమీటర్లు తిరుగుతారు. పెద్ద కారుకు 417 లీటర్లు, చిన్న కారుకు 250 లీటర్లు కావాలి. తేడా సుమారు 16,700 రూపాయలు. ఔషధ సంస్థ ప్రతినిధి ఒకరు జిల్లాలన్నీ చుట్టి ఏడాదికి 24,000 కిలోమీటర్లు తిరుగుతాడు. ఆయనకు పెద్ద కారుకు 2,000 లీటర్లు, చిన్నదానికి 1,200 లీటర్లు కావాలి. తేడా 80,000 రూపాయలు.

మొదటి కుటుంబానికి ఇంధనంలోని తేడా కంటె, అదనంగా పెట్టిన 3 లక్షల మీద మొదటి ఏడాది బ్యాంకుకు కట్టే వడ్డీయే ఎక్కువ. 9 శాతం చొప్పున అది 27,000 దాకా అవుతుంది. తక్కువ తిరిగేవారికి పెద్ద కారులో బరువయినది పెట్రోలు కాదు, ధర. ఇదే సూత్రం హైబ్రిడ్ కారుకూ వర్తిస్తుంది. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారుకు బదులు, అంతే విశాలమై 22 ఇచ్చే హైబ్రిడ్ కారుకు రెండున్నర లక్షలు ఎక్కువ పెట్టారనుకుంటే, 24,000 కిలోమీటర్లు తిరిగేవారికి ఐదేళ్ళలో ఆ సొమ్ము తిరిగి వస్తుంది. 5,000 తిరిగేవారికి ఇరవై ఏళ్ళు దాటినా రాదు. పొదుపు బండిలో మాత్రమే ఉండదు, దాని వాడకంలో ఉంటుంది.

సౌకర్యం అంటే ఏమిటి?

సౌకర్యాన్ని విలాసంగా భావించి కొట్టివేయడం కూడా పొరపాటే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారికి సీటు ఎత్తు ముఖ్యం. మరీ క్రిందికి వంగి కూర్చోవలసిన కారు వారికి శిక్ష. రోజూ మూడు గంటలు నడిపేవారికి నడుముకు, తొడలకు ఆనుడు ఉన్న సీటు వైద్య ఖర్చును తగ్గిస్తుంది. అలసిన చోదకుడు తనకే కాక ఎదుటివారికి కూడా ప్రమాదకారి. భద్రతను పరిమాణాన్ని బట్టి ఊహించవలసిన పని లేదు. 2023 అక్టోబరు 1 నుండి అమలులో ఉన్న భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలలో నక్షత్రాల సంఖ్య తెలుస్తుంది.

ఏడు సీట్ల కారును షోరూములో ఖాళీగా చూసి మురిసిపోకూడదు. మూడవ వరుసలో పెద్దవారిని కూర్చోబెట్టి చూడాలి. చాలా బండ్లలో మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ఆ వరుస వాడినప్పుడు సామానుకు చోటు ఉండదు. సి.ఎన్.జి. బండిలో ఖర్చు తగ్గుతుంది కాని సిలిండరు డిక్కీలో గణనీయమైన భాగాన్ని ఆక్రమిస్తుంది. సీట్లను లెక్కపెట్టడం కాదు, ఆ సీట్లలో ఎవరు కూర్చుంటారో చూడడం ముఖ్యం.

తలకు ఎన్ని లీటర్లు?

లీటరుకు 20 కిలోమీటర్లిచ్చే కారులో ఒక్కరే పోతే 100 కిలోమీటర్లకు తలకు 5 లీటర్లు. 13 ఇచ్చే ఏడు సీట్ల కారులో ఆరుగురు పోతే తలకు 1.3 లీటర్లే. ఆ ఆరుగురే రెండు చిన్న కార్లలో పోతే తలకు 1.7 లీటర్లు. నిండుగా నడిచే పెద్ద కారు దుబారా కాదు. ఖాళీగా తిరిగే పెద్ద కారే దుబారా. సంక్రాంతికి, దసరాకు బంధువులతో కలిసి ఊరికి పోయే పది రోజుల కోసం, మిగిలిన 355 రోజులూ ఖాళీ సీట్లను మోయడం లాభసాటి కాదు. ఆ పది రోజులకు పెద్ద బండిని అద్దెకు తీసుకోవచ్చు. తల్లిదండ్రులు, పిల్లలు రోజూ కలిసి ప్రయాణించే ఇంటికి మాత్రం పెద్ద కారే న్యాయమైన ఎంపిక.

ఇంటి లెక్క, దేశం లెక్క

భారతదేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకొన్నదే. కార్ల సంస్థలకు ఇంధన సామర్థ్య ప్రమాణాలు 2017-18 నుండి వర్తిస్తున్నాయి. 2022-23 నుండి అవి మరింత కఠినమయ్యాయి. అయితే అవి ఒక సంస్థ అమ్మిన కార్లన్నింటి సగటుకు సంబంధించినవి. ఏ ఇంటికి ఏ కారు తగినదో అవి చెప్పవు. ఆ నిర్ణయం పౌరునిదే.

లీటరు విలువ ఎంతటిదో 2022లో పొరుగున ఉన్న శ్రీలంక చవిచూసింది. విదేశీ మారకం అడుగంటి, బంకుల ముందు రోజుల తరబడి వరుసలు కట్టిన తర్వాత, ఆ ప్రభుత్వం జూలైలో కోటా పద్ధతి ప్రవేశపెట్టింది. కారుకు వారానికి 20 లీటర్లు. అంబాసిడరంత విశాలమైన కారయినా, అగ్గిపెట్టె అంతటి కారయినా, అందరికీ అదే కోటా. లీటరుకు 10 కిలోమీటర్లిచ్చే కారు వారమంతా 200 కిలోమీటర్ల దగ్గర ఆగింది. 20 ఇచ్చేది 400 దాకా నడిచింది.

అటువంటి కోటా లేని రోజులలో కూడా ప్రతి ఇల్లూ తనకు తాను ఒక కోటా వేసుకొని చూసుకోవడం మంచిది. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాము, మామూలు రోజున బండిలో ఎందరు కూర్చుంటారు, వారి వయసు, ఆరోగ్యం ఏమిటి, ఏ రోడ్ల మీద తిరుగుతాము - ఈ నాలుగు విషయాలు ఒక కాగితం మీద వ్రాసుకొని షోరూముకు పోయినవారికి పొదుపు, సౌకర్యం రెండూ శత్రువులుగా కనిపించవు. ఎంత సౌకర్యానికి ఎన్ని లీటర్లు వెచ్చిస్తున్నారో వారికి ముందే తెలుసు.