అమెరికాలో సగటు ఆయుష్షు: ఈ లెక్క కాంట్రాక్టు ఉద్యోగికి ఏం చెబుతోంది?

"ప్రాజెక్టు అయిపోయిందన్నా, దాంతోపాటే ఇన్సూరెన్సూ పోయింది. ఛాతీ పట్టేసినట్టుంది గానీ ఆసుపత్రికి పోతే బిల్లెంత వస్తుందో..." ఇలాంటి ఫోన్లు మా వాలంటీర్లకు వస్తూనే ఉంటాయి. ఊళ్లో అమ్మానాన్నలు మాత్రం "మావాడు అమెరికాలో ఉన్నాడు, అక్కడ వైద్యానికేం కొదవ" అని ధీమాగా ఉంటారు. నిజమేంటో ఆ దేశపు సగటు ఆయుర్దాయం లెక్క చూస్తే తెలుస్తుంది.

ఎలా పెరిగింది?

1900లో అమెరికాలో సగటు ఆయుర్దాయం 47 ఏళ్లు. అంటే అందరూ 47కే పోయారని కాదు. అప్పట్లో పుట్టిన పది మంది పిల్లల్లో దాదాపు ఒకరు ఏడాది నిండకుండానే చనిపోయేవారు. అందుకే సగటు అంత తక్కువ. 1918 ఇన్‌ఫ్లుయెంజా అయితే ఒక్క ఏడాదిలోనే సగటును దాదాపు 12 ఏళ్లు కిందికి లాగింది. శుభ్రమైన నీళ్లు, టీకాలు, 1940ల్లో పెన్సిలిన్ రావడంతో 1950కి అది 68కి చేరింది. 1965లో పెద్దవాళ్లకు మెడికేర్, 1970లో పనిచోట భద్రతకు చట్టం వచ్చాయి. 1970లో పని ప్రమాదాల్లో రోజుకు సుమారు 38 మంది చనిపోతే, 2023లో 15 మంది. 2014కి సగటు ఆయుర్దాయం 78.9 అయింది.

ఎందుకు పడింది?

ఆ తర్వాత అది పెరగడం ఆగి, తగ్గడం మొదలైంది. డ్రగ్స్ ఓవర్‌డోస్, ఆత్మహత్యలు, తాగుడుతో వచ్చే లివర్ జబ్బులు పని చేసే వయసువాళ్లనే తీసుకుపోయాయి. కాలేజీ డిగ్రీ లేని వాళ్లలో ఈ చావులు ఎక్కువని ఆన్ కేస్, ఆంగస్ డీటన్ అనే ఆర్థికవేత్తలు చూపించారు. అంతలో కోవిడ్ వచ్చింది. 2021లో సగటు 76.4కి పడింది. హిస్పానిక్ జనంలో రెండేళ్లలోనే దాదాపు నాలుగేళ్లు తగ్గింది. మాంసం ఫ్యాక్టరీల్లో, పొలాల్లో, హోటల్ వంటగదుల్లో పనిచేసే వాళ్లకు ఇంటి నుంచి పని అనేది లేదు కదా.

2023లో మళ్లీ 78.4కి లేచింది. అయినా జపాన్‌లో అది 84. ప్రపంచంలో వైద్యానికి తలకు అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టేది అమెరికానే. అక్కడ మందులు లేక కాదు, అవి అందరికీ సమయానికి అందకపోవడం కూడా ఈ తేడాకు ఒక కారణం.

మనవాళ్ల సంగతి?

ఆసియా వాళ్ల సగటు అక్కడ 85 దాకా ఉంది. ఇది చూసి నిశ్చింతగా ఉండొద్దు. అందులో చైనా, జపాన్, కొరియా మూలాల వాళ్లూ ఉన్నారు. దక్షిణాసియా మూలాలు ఉండటాన్నే అమెరికా గుండె డాక్టర్లు ముప్పు పెంచే అంశంగా లెక్కిస్తారు. ఇన్సూరెన్స్ ఉన్నప్పుడే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. చాలా ప్లాన్లలో ఇలాంటి ముందస్తు పరీక్షలకు డబ్బు కట్టక్కర్లేదు.

ఉద్యోగం పోతే?

ఇరవై మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీ అయితే కోబ్రా కింద పాత ఇన్సూరెన్సే కొనసాగించుకోవచ్చు. ప్రీమియం మొత్తం మీరే కట్టాలి, అది ఎక్కువే. నిర్ణయానికి కనీసం 60 రోజులు గడువు ఉంటుంది. ఈలోపు జబ్బు చేస్తే, ప్రీమియం కట్టాక పాత తేదీ నుంచే వర్తిస్తుంది. లేదంటే 60 రోజుల్లోగా ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో వేరే ప్లాన్ తీసుకోవచ్చు. వీసాకిచ్చే గడువు వేరు, ఇది వేరు. రెండూ కలిపి గందరగోళ పడకండి.

ఏ ఇన్సూరెన్సూ లేకపోయినా ప్రాణం మీదికొస్తే 911కి ఫోన్ చేయండి. 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీ విభాగం మిమ్మల్ని పరీక్షించి, పరిస్థితి కుదుటపడేదాకా చూడాల్సిందే. డబ్బు లేదని తిప్పి పంపకూడదు. బిల్లు తర్వాత వస్తుంది. దాన్ని తగ్గించమని, వాయిదాల్లో కడతామని అడగొచ్చు. మనసు బాగోక చచ్చిపోవాలనిపిస్తే 988కి ఫోన్ చేయండి.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఒక మాట. ఈసారి ఫోన్ చేసినప్పుడు "జీతం పడిందా" అని అడిగాక, "బీపీ చూపించుకున్నావా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది" అని కూడా అడగండి.