999.999... వెయ్యికి సమానమా?

వేసవిలో బీజాపూర్ జిల్లా భోపాలపట్నం వైపు తునికాకు కోస్తారు. 50 ఆకులు ఒక కట్ట. 1000 కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. ఒక ఇంట్లో ముగ్గురు కలిసి సరిగ్గా ఒక బ్యాగు ఆకు కోశారనుకుందాం. ఒక్కొక్కరి వాటా ఎంత?

కాగితం, పెన్సిలు తీసుకోండి. 1000ని 3తో భాగిస్తే 333 వచ్చి 1 మిగులుతుంది. దశాంశ బిందువు పెట్టి, సున్న చేర్చి భాగిస్తే 3 వచ్చి మళ్లీ 1 మిగులుతుంది. ఎన్నిసార్లు చేసినా శేషం ఒకటే, కాబట్టి అంకె కూడా 3 మాత్రమే. వాటా 333.333... కట్టలు. ఇలా ఒకే అంకె (లేదా అంకెల గుంపు) అంతం లేకుండా తిరిగి తిరిగి వచ్చే దశాంశాన్ని ఆవర్తన దశాంశం అంటారు.

ఇప్పుడు మూడు వాటాలు కలపండి. 999.999... వస్తుంది. కోసినవి మాత్రం 1000 కట్టలు! మరి ఆ కాస్తా ఎవరు తీసుకున్నట్టు?

ఎవరూ తీసుకోలేదు. చూడండి. 999ని పక్కన పెట్టి, మిగిలిన 0.999...ను x అనుకుందాం.

x = 0.999...
10x = 9.999...

రెండోదానిలో నుంచి మొదటిదాన్ని తీసివేస్తే 9x = 9. అంటే x = 1. కాబట్టి 999 + 1 = 1000.

లెక్క సరిపోయింది గానీ మనసు ఒప్పుకోలేదు కదూ? "తొమ్మిదులు 1కి దగ్గరవుతూ పోతాయే గాని చేరవు" అని చాలామంది అంటారు. ఈ సందేహం మంచిదే. అయితే 0.999... నడుస్తూ పోయే మనిషి కాదు. తొమ్మిదులన్నీ ముందే ఉన్న ఒక సంఖ్య. అది 1 కంటే తక్కువైతే ఎంత తక్కువో మీరే చెప్పండి. వెయ్యోవంతు అంటారా? నాలుగు తొమ్మిదులు రాస్తేనే (0.9999) తేడా అంతకన్న తగ్గిపోయింది. లక్షోవంతు అంటారా? ఆరు తొమ్మిదులు చాలు. మీరు ఎంత చిన్న తేడా చెప్పినా అది నిలవదు. తేడా లేని రెండు సంఖ్యలు ఒకటే. ఒకే సంఖ్యను రెండు విధాలుగా రాశాం, అంతే. ½, 2/4 అని రాసినట్టే. 1770లో వెలువడిన తన బీజగణిత గ్రంథంలో ఆయిలర్ కూడా 9.999... అంటే 10 అనే చూపించాడు.

ఒక్క జాగ్రత్త. చుక్కలు మరచిపోకండి. 0.999 వేరు, 0.999... వేరు. మొదటిది 1 కంటే వెయ్యోవంతు తక్కువ. ఎనిమిది అంకెల చిన్న కాలిక్యులేటర్లు చాలావాటిలో 1000ని 3తో భాగించి, మళ్లీ 3తో గుణిస్తే 999.99999 అని చూపిస్తుంది. అక్కడ నిజంగానే కొంత పోయింది. యంత్రానికి చోటు చాలక మిగతా 3లను వదిలేసింది. తప్పు యంత్రంలో ఉంది గాని గణితంలో కాదు.

మీరే చేసి చూడండి

1. 2024లో ఛత్తీస్‌గఢ్‌లో స్టాండర్డ్ బ్యాగు ధర 5500 రూపాయలు. దాన్ని ముగ్గురికి సమానంగా పంచి, వాటాలు దశాంశాల్లో రాసి కలపండి.
2. 0.4999... ఏ సంఖ్యకు సమానం?